తుర్కీ గుర్రాలాయప్ప, ఓబుళమ్మ తాలింపు

ఓబుళమ్మ చేతికూడు వద్దన్నోడు ఆ సీమలోనే ల్యాడంట. అట్లాంటి ఓబుళమ్మ ఇంటి అరుగుమింద ఏమైందంటే, తుర్కీ దేశం నుంచి గుర్రాలు అమ్మను వచ్చిన యూసుపనే ఆయప్ప జరమొచ్చి పడిపాయ. కూడా వచ్చినోళ్ళు రెండుదినాలు చూసి, గుర్రాలు తోలుకోని ఎల్లిపాయిరి. ఏటేటా వచ్చేటోడే అనుకో, మన మాట రవ్వంత వచ్చు. జరమైతే ఇడిసింది గానీ గొంతులో మెతుకు దిగల్యా. ఏడుదినాలు! వైద్యుడు నాడి చూసి, "ఇంగ నా మందుతో కాదు ఓబుళమ్మా. కడుపులో కూడు పడితే బతుకుతాడు, ల్యాకుంటే ల్యా" అనేసి పాయనంట.

"పెట్టేది నేనైతే ఎందుకు దిగదు?" అనుకున్యాది ఆయమ్మ. కొర్రన్నం వండె, ఉలవచారు కాంచె, సంగటి కెలికి నెయ్యి పోసె. వాడు మొగం తిప్పుకునె. మరి నీకేం కావాల నాయనా అంటే, "పెరుగు, దోసకాయ... మా యమ్మ చేస్తాది" అనెనంట. ఓస్, ఇంతేనా అని ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ చిటపటలాడిచ్చి పెరుగుపచ్చడి చేసి పెట్టె. వాడు వాసన చూసి, "తాలింపు వద్దమ్మా" అనె. ఇంటికొచ్చినోనికి చప్పిడి కూడు పెడితే ఊర్లో తలెత్తుకుంటామా! రెండోతూరి మిరపకాయలు తగ్గిచ్చి తాలింపు పెట్టె. మూడోతూరి నాలుగంటే నాలుగు ఆవాలు, అవి గూడా కనపడకుండా అడుగునేసె. చూడండి ఆయమ్మ మొండితనం! వాడు గిన్నె పక్కకు పెట్టి కండ్లనీళ్ళు పెట్టుకునెనంట.

అప్పుడు తెలిసొచ్చె ఆయమ్మకు. "అయ్యో, వీడు నా తాలింపుకే చస్తాడే" అనుకోని ఏం జేసిందంటే, మొగుడు బతికుండంగా మొగున్నే వంటింట్లోకి రానీయని మనిషి, వాని రెక్క పట్టుకోని తెచ్చి, పీటేసి, గోడకానిచ్చి కుచ్చోబెట్టె. "చెప్పు నాయనా. నువ్వెట్ల చెప్తే అట్ల." వాడు చెప్తాంటే ఈయమ్మ చేసె. దోసకాయ కొన కొరికి చూసె, చేదు ల్యా. సన్నంగా తరిగి, ఉప్పేసి, నీళ్ళు గట్టిగా పిండె. పెరుగు గుడ్డలో మూటగట్టి ఏలాడదీసె. పచ్చి తెల్లగడ్డ పాయలు ఉప్పేసి నూరమంటే, "పచ్చివేనా!" అనేది నోటిదాకా వచ్చె, మింగె. అన్నీ కలిపి, కడవలోని చల్లటి నీళ్ళు కొంచెం పోసి, ఎండిన పుదీనాకు అరచేతుల్లో నలిపి చల్లె. వాళ్ళ దేశంలో పైన ఇంకేదో నూనె పోస్తారంట, ఈడ నువ్వులనూనే గతి. పొయ్యి ముట్టిచ్చే పనే ల్యా. ఇదేం వంటరా దేవుడా అనుకునె ఆయమ్మ.

వాడు గిన్నె ఎత్తి నోట్లో పెట్టుకునె. ఒక గుటక దిగె. ఇంగో గుటక దిగె. గిన్నె ఏలితో తుడిచి నాకి, "ఇంగొంచెం ఉందామ్మా?" అనె. ఓబుళమ్మ బోరున ఏడ్సె. "ఇన్నిదినాలు నా పేరు కోసరం వండితి నాయనా, నీ కోసరం ఈపొద్దే చేస్తి" అనెనంట.

పదైదుదినాలకు లేచి, నడిచే పాయ. మళ్ళా వచ్చెనా అని నన్నడగొద్దండి, నాకు తెలీదు. బతికినాడు, అది చాలు. ఏమ్మే లచ్చుమీ, నవ్వుతాండావు? మీ అత్త నువ్వు చేసే సద్దరొట్టె నమల్లేక మూడుదినాల్నుంచి అంబలి అడుగుతాందంట గదా. కత అయిపాయ గానీ, లెయ్, పోయి అంబలి కాంచు.