ఎడమకి తిప్పితే మోగే కారు

కాదు కెప్టెన్ గారూ, ఊరేగింపు అని రాయకండి. ఆ కలం కాస్త ఆపండి. ఊరేగింపంటే నలుగురూ ముందే అనుకుని బయల్దేరేది. నాది ఒక్క కారు. వెనక వచ్చిన తొమ్మిది కార్లూ ఎవరివో నాకేం తెలుసు? నేను రమ్మన్నానా? పైగా రావద్దని కిటికీలోంచి చెయ్యి ఊపాను. వాళ్లు ఇంకా హుషారుగా తిరిగి ఊపారు!

కార్డు మీ చేతిలోనే ఉంది, చూడండి. ఇన్షిరాహ్. ఆడపిల్లల స్కూల్లో ఫిజిక్స్ టీచర్ని. ఇరవై రెండేళ్లుగా కరెంటు పాఠం చెబుతున్నాను.

నవ్వండి, పర్వాలేదు. మా స్టాఫ్ రూములో రోజూ నవ్వుతూనే ఉన్నారు. పుస్తకంలో కరెంటు గీసిన గీత మీద నడుస్తుంది, నాయనా. నా కారులో దానికి ఎటు తోస్తే అటు పోతుంది.

మొదటి ఏడాదే కుడి హెడ్‌లైటులోకి నీళ్లు చేరాయి. రెండు చేప పిల్లల్ని వదిలితే హాయిగా బతికేవి. తర్వాత లోపలి దీపం. తలుపు తీస్తే ఆరిపోతుంది, మూస్తే వెలుగుతుంది. వైపర్ వేస్తే రేడియోలో స్టేషన్ మారుతుంది. వాన పడ్డప్పుడల్లా వార్తలు వదిలి వంటల కార్యక్రమం వినాలి. వెనక దీపాలంటారా, ఏటా కారుకి చేసే లైసెన్సు తనిఖీ రోజున మా మరిది కారువి ఊడదీసి నా దానికి బిగించుకుని వెళ్లాను, సాయంత్రానికి తిరిగిచ్చేశాను...

అయ్యో. అది మీరు విన్లేదనుకోండి. అమ్మాన్‌లో ఎవరు చెయ్యట్లేదు? మీ ఇంట్లో... సరే సరే, అడగను.

ఇప్పుడీ హారన్ గొడవ. నెలయింది మొదలై. స్టీరింగు కుడికి తిప్పితే కొత్త కోడలిలా ఉంటుంది. ఎడమకి తిప్పామా, ఒకటే మోత! మా వీధి చివర అబూ కిఫాహ్ అని కార్ల కరెంటు పని చేస్తాడు. గంటసేపు నా సీట్లో కూర్చుని, నా కాఫీ తాగి, "స్టీరింగు లోపల చుట్టలా ఉండే వైరు ఒరిసిపోయిందమ్మా, ఉమ్మ్ లుజైన్. ఎడమకి తిరిగినప్పుడల్లా ఇనుముకి తగులుతోంది" అన్నాడు. మార్చెయ్యి మరి, అన్నాను. "సామాను రావాలి. రేపు, ఇన్షా అల్లాహ్" అన్నాడు. ఆ రేపు కోసం నాలుగు శుక్రవారాలు చూశాను.

ఫ్యూజు తీసెయ్యొచ్చు కదా అంటారా? ఆహా! నాకు తోచలేదనుకున్నారా? ఈ కారులో హారన్‌కీ బ్రేకు దీపాలకీ కలిపి ఒకటే ఫ్యూజు. అది తీస్తే హారన్ నోరు మూసుకుంటుంది, బ్రేకు దీపాలూ పోతాయి. అప్పుడు మీరే ఆపి, "దీపాల్లేకుండా నడుపుతున్నావేం హజ్జా?" అని అడుగుతారు. నేనింకా హజ్‌కి వెళ్లలేదు, అది వేరే సంగతి. జుట్టు తెల్లబడితే చాలు, మీకందరూ హజ్జాలే.

అందుకని నేనేం చేశాను? ఎడమకి తిరగడం మానేశాను. నిజం! స్కూలు ఆరు నిమిషాల దూరం. అన్నీ కుడి మలుపులే తిరుగుతూ వెళ్తే పాతిక నిమిషాలు. గ్యాస్ సిలిండర్ల బండివాడు కూడా నేను కనిపిస్తే, వీధి వీధికీ మోగించుకుంటూ వచ్చే ఆ పాట ఆపి అడుగుతున్నాడు, "ఈ కొండ చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతావు టీచరమ్మా?" అని.

ఇవాళా అలాగే వెళ్లేదాన్ని. కానీ ఇవాళ ఏం రోజు? తౌజీహీ ఫలితాల రోజు. పన్నెండేళ్ల చదువంతా ఒక్క పొద్దులో తేలిపోయే రోజు. ఊరేగింపులు తీస్తే కారు నెల రోజులు లోపల పెడతామని మీ ట్రాఫిక్ పోలీసులు రేడియోలో చెబుతూనే ఉన్నారు. విన్నాను. వంటల కార్యక్రమం మధ్యలో.

మా అమ్మాయి లుజైన్ స్నేహితురాలింట్లో ఉంది, ఫలితాలు ఇద్దరూ కలిసి చూసుకుంటామని. పదిన్నరకి ఫోన్ చేసింది. "అమ్మా, రా" అని రెండే ముక్కలు. అంతే, పెట్టేసింది. మరి ఆ రెండు ముక్కలు విన్నాక కుడి మలుపులు వెతుక్కుంటూ పోతానా చెప్పండి?

వెళ్లాను. గుమ్మం దగ్గర స్నేహితురాలి తల్లి సంతోషంతో నాలుక ఆడిస్తూ జగారీద్ కూతలు పెడుతోంది, ఆ గొంతు మీరెప్పుడైనా వినాలి, ఇంజను బెల్టు జారినట్టే. వాళ్లమ్మాయికి తొంభై నాలుగు. నా చేతిలో మిఠాయి పెట్టింది. మా పిల్ల ఆవిడ వెనకనించి తప్పుకుని వచ్చి కారెక్కి, కండువా మొహం మీదికి లాక్కుంది.

ఎంత వచ్చిందని అడుగుతున్నారా? వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

మూడు ఎడమ మలుపులు. మూడు మోతలు. అప్పుడు సర్కిల్ వచ్చింది. ఆ సర్కిల్ చుట్టూ ఎటు తిరగాలి? రోడ్డుకి కుడిపక్కన నడిపే మనకి ఎడమకే కదా! మొదలెట్టింది, ఇక ఆపదు. బయటికి వద్దామంటే కుడిపక్కన బస్సు దారివ్వదు. రెండు చుట్లు తిరిగాను. సరే, కారు పాడైందని జనానికి తెలియాలి కదా అని నాలుగు మూలల దీపాలూ వేశాను, అవి టపటపా కొట్టుకుంటాయే, అవి.

అవును. అదే నా తప్పు. ఒప్పుకుంటున్నాను. ఇంకే ఊళ్లోనైనా హారన్ మోగుతూ దీపాలు కొట్టుకుంటుంటే పాపం అని పక్కకి తప్పుకుంటారు. ఇక్కడ? పెళ్లి! లేదంటే తౌజీహీ! ముందు ఒక పికప్ తగులుకుంది, వెనక ఆరుగురు కుర్రాళ్లు నిలబడి. తర్వాత టాక్సీ. తర్వాత ఎవరో మొత్తం కుటుంబం, ముసలమ్మతో సహా. వాళ్లు నిజానికి దంతాల డాక్టరు దగ్గరికి వెళ్తున్నారట, ఆ బయట వాళ్లే చెప్పారు.

పికప్ కుర్రాడు పక్కకొచ్చి, సొంత పిన్నికి శుభాకాంక్షలు చెప్పినట్టు అరిచాడు. "మబ్రూక్, ఖాల్తీ! ఎంత?"

"వైరు పోయింది నాయనా!" అని అరిచాను.

"ఏ కాలేజీ?" అన్నాడు.



మీ మెకానిక్కు చూశాడుగా ఇప్పుడు. అదిగో, తలుపు దగ్గరే ఉన్నాడు, అడగండి. ఎడమకి తిప్పితే మోగిందా లేదా? మోగింది! తిన్నగా ఉంటే మోగలేదు, కుడికీ మోగలేదు. మరింకేం? యంత్ర దోషం. ఆ మాట రాసుకోండి, కారు ఇప్పించండి, ఇంటికెళ్లి వంట చేసుకుంటాను.

ఏమిటిది? హామీ పత్రమా. దీని మీద సంతకం పెడితే వదిలేస్తారా? ఇటివ్వండి, కళ్లద్దాలు... "నా కారు హారన్ దానంతట అదే మోగిందనీ, నా చెయ్యి దాని మీద పడలేదనీ..."

ఊ.

మరి ఆ పికప్ కుర్రాళ్ల సంగతి? వాళ్ల బండి? నెల రోజులు లోపలేనా? అంటే నాది యంత్ర దోషం, వాళ్లది పొగరు. ఆ బండితోనేగా వాళ్ల నాన్న కూరగాయలమ్ముకునేది. "మేం ఖాల్తీ వెనకే వెళ్లాం" అని వాళ్లు అంటున్నది అబద్ధం కాదు కదా.

కలం తీసుకోండి. నేను పెట్టలేను. పరీక్ష హాల్లో పిల్లల కాపీ చీటీలు పట్టుకునేదాన్ని, నేనే ఇలాంటిది రాస్తే ఎలా?

సర్కిల్ నుంచి మీవాళ్లు ఆపిన పూలకొట్టు దాకా రోడ్డెలా ఉంటుందో మీకు తెలుసు. గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఆ కిలోమీటరు మోగించింది వైరు కాదు.

ఎందుకంటారా? పిల్ల ఫెయిలయింది కెప్టెన్ గారూ. ఏ సబ్జెక్టో అడక్కండి. సరే అడగండి. ఫిజిక్సే.

కండువా కింద ఏడుస్తోంది. అప్పుడు పక్క మేడ మీదినించి ఎవరో మా మీదికి గులాబీ రేకులు చల్లారు. పికప్ కుర్రాళ్లు, "డాక్టర్! డాక్టర్!" అని అరుస్తున్నారు. కండువా కొంచెం పైకి లేచింది. "అమ్మా, వీళ్లకి పిచ్చా?" అంది. ఒంటి కన్నుతో చూసి నవ్వింది. పొద్దుట్నుంచీ మొదటిసారి. ఎక్కిళ్లు పడుతూనే నవ్వు. అప్పుడే రోడ్డు తిన్నగా అయిపోయింది, హారన్ ఆగిపోయింది. నవ్వూ ఆగబోయింది.

నొక్కాను. మీరైతే నొక్కరా?

ముందు మెల్లగా నొక్కాను. తర్వాత పెళ్లి బాజాలా తాళం వేస్తూ మరీ నొక్కాను. వెనక తొమ్మిదీ అందుకున్నాయి. మా ఆయన చూస్తే పెళ్లాం పోయింది, ఇంకెవరో వచ్చారనుకునేవాడు.

కాబట్టి రాయండి. ఊరేగింపే. ముందు నడిపింది నేను. కుర్రాళ్ల బండి వదిలెయ్యండి, నాది ఉంచుకోండి. బడికి నడిచి వెళ్తాను. పిల్ల మళ్లీ పరీక్ష రాసేదాకా సాయంత్రాలు దానికి నేనే చెబుతాను, నా పాఠం దానికి నచ్చకపోయినా.

ఇంకేదో గడి మిగిలిందా? ఏముంది అక్కడ? "ఎవరు పాసైన సందర్భంగా"?

ఎవరూ పాస్ కాలేదు. అలాగే రాయండి.