పిల్లి కోసం కోసిన కంత

వడ్రంగి మేస్త్రీ పెరటి తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. పిల్లిని చంకనెత్తుకుని ఇల్లాలు పక్కనే నిలబడింది.

"ఈ కంత ఎవరు కోశారమ్మా?"

"మావారే. పిల్లి రాకపోకలకి."

"దొంగకి కన్నం వేసే శ్రమ తప్పించారు!" అతను బయటినుంచి కంతలో చెయ్యి దూర్చి, లోపలి గడియ తీసి చూపించాడు.

"గడియ పైకి మార్చెయ్యండి మేస్త్రీ."

"మారుస్తాను. గడియ చుట్టూ ఈ గీతలు పిల్లివేనా?"

"దాని గోళ్లు మొన్ననే కత్తిరించాను. నిన్న తలుపు తుడిచినప్పుడు గీతల్లేవు. పొద్దున గడియ తీసుంటే, మావారు మరిచిపోయారని చీవాట్లు పెట్టాను."

"ఏమైనా పోయిందా?"

"ఏమీ పోలేదు." ఆమె చూపు గోడమేకు మీద ఆగింది. పిల్లి చంకలోంచి జారిపోయింది. "వీధితలుపు రెండో తాళంచెవి ఇక్కడే ఉండాలి... మేస్త్రీ, ఈ గడియ తర్వాత. ముందు వీధి తాళం మార్చండి."