మూడు సున్నపు చేతులు

మాలకొండయ్య ఉన్నాడే, మాటా తక్కువే, ఒడ్డూ పొడుగూ తక్కువే. చెడుగుడులో ఎడమ మూల నిలబడ్డాడంటే మాత్రం అటు కూతకొచ్చినోడి చీలమండ వాడి గుప్పిట్లో ఉన్నట్టే అనుకోండి. పట్టాడా, వదలడు. ఒకసారి పక్కూరి కూతగాడు వాడికి చిక్కి, కూత ఆపేసి, నాయనా నా కాలు నాకియ్యి అని బతిమాలుకున్నాడంట. అట్టాంటోడికి వచ్చిన కష్టం ఏందయ్యా అంటే, గోడ. నవ్వమాకండి, గోడే. ఊళ్ళో పేరయ్య అని ఒక పెద్దమనిషి. పొగాకు కంపెనీలో ఆకు చూసి ఇది ఫస్టు రకం, ఇది సెకండు రకం అని తేల్చే పని ముప్పయ్యేళ్ళు చేసి దిగిపోయాడు. ఇంటికొచ్చాక చూట్టానికి ఆకు లేదు. కళ్ళు ఊరుకోవు గదా, మనుషుల్ని చూట్టం మొదలుపెట్టాడు. రోడ్డు పక్కన పొగాకు వేడికి ఆరబెట్టే పాతబడ్డ బ్యారన్ కొట్టం ఉంది, తాడిచెట్టులో సగం ఎత్తు గోడ. దాని మీద ఆటగాడికొక వరస గీయించాడు. కూతకెళ్ళి ఒకణ్ణి కొట్టొస్తే ఎర్రమట్టిలో చెయ్యి ముంచి తన వరసలో అచ్చు కొట్టాలి. ఎదుటోణ్ణి పట్టేస్తే సున్నంలో ముంచి తెల్ల చెయ్యి. చెయ్యి మీద చెయ్యి, చెయ్యి మీద చెయ్యి, అట్టా పైకి పోతానే ఉంటది. ఎవడెంతోడో చదువురానోడు కూడా రోడ్డు మీంచి చూసి చెప్పొచ్చంట.

ఇంక ఊరికి అదే పనైపోయింది. పొద్దున్నే టీ తాగి గోడ, మధ్యాన్నం అన్నం తిని గోడ. ఒకడు నిచ్చెనెక్కి కర్రతో కొలుస్తాడు, ఒకడు వరసల మజ్జ గీతలు లాగుతాడు, ఆడోళ్ళు చుట్టూ ముగ్గు అంచు దిద్దుతారు. ఆట చూట్టానికి పదిమందొస్తే, ఆట అయినాక చెయ్యి కొట్టేది చూట్టానికి వందమంది. పిల్లనియ్యడానికొచ్చినోళ్ళు కూడా ఇల్లు చూడకముందే గోడ చూసి పొయ్యేవాళ్ళంట.

మరి పేరయ్య అల్లుడు ఏడుకొండలు, కుడి మూల నిలబడేవాడు, వాడి తెల్లచేతులు నిచ్చెన చివరి మెట్టు దాటిపోయినయ్. మాలకొండయ్యకి ఏడాది మొత్తానికీ మూడు. మూడంటే మూడే. ఏమైందంటే, ఎదుటి ఊరోళ్ళు పిచ్చోళ్ళేం కాదుగా, మాలకొండయ్య వైపు ఎవడూ పోడు. వచ్చినోడల్లా ఏడుకొండలు మీదికే. పదిమందొస్తే ముగ్గుర్ని పడతాడు, ఏడుగురు వాణ్ణే కొట్టి గీత దాటిపోతారు. పట్టిన ముగ్గురికీ గోడ మీద చేతులు. పోయిన ఏడుగురికీ? వాళ్ళకి గోడ మీద చోటు లేదు. పేరయ్య అది పెట్టలా. పెట్టాలని అంతమందిలో ఒక్కడికీ తోచలా.

మాలకొండయ్య పెళ్ళాం చెంచమ్మ ఊరుకుంటదా. ఏందయ్యా, సున్నం బొక్కెన నీ వరస కాడికొచ్చేసరికి ఎండిపోతందా అంది. నా దగ్గరికి రాందే నేనెవణ్ణి పట్టేది అన్నాడు వాడు. అది నాకెందుకు, పొయ్యి గోడకి చెప్పు అంది. గోడకి కాదుగానీ, గోడ చూసి జట్టు కట్టే పేరయ్యకి చెప్పాడు. 'బాబాయ్, నన్ను చూసి రానోళ్ళు కూడా లెక్కేగా?' 'రానోణ్ణి గోడ మీద యాడెయ్యమంటావురా? కనపడేదే లెక్క. తిరునాళ్ళ పోటీకి నువ్వొద్దులే' అన్నాడంట. ఐదు చేతులున్న ఇంకొకణ్ణి తెచ్చి ఎడమ మూల పెట్టారు. మూడు కన్నా ఐదు పెద్దదిగా మరి. మాలకొండయ్య ఇంటికి పొయ్యి ఏడ్చాడు. అవును, ఏడ్చాడు. పదేళ్ళు ఆ మూల కాసిన మనిషి, ఎందుకేడవడు.

తిరునాళ్ళలో ఆట మొదలుకాకముందే పక్కూరి కూతగాడు సింగరయ్య మనోళ్ళ వైపు చూసి, మాలకొండన్న యాడబ్బా అనడిగాడు. తీసేశాం, గోడ మీద మూడే చేతులు అన్నారు మనోళ్ళు గర్వంగా. వాడు కూతకొచ్చాడు, ఎడమ మూల చూశాడు, మూడు చేతులమాట గుర్తొచ్చింది, నవ్వాపుకోలేక కూత తెగింది. అవుటు. ఆ పాయింటు ఎవరి వరసలో కొట్టాలని మనోళ్ళు కోర్టులోనే తగువేసుకున్నారంట. ఆ తర్వాత ఇంకేముంది, ఎడమ మూలా పాయె, కుడి మూలా పాయె. ముప్పై నాలుక్కి తొమ్మిది. పోతాపోతా సింగరయ్య పేరయ్యతో అన్నాడు, 'మూడేళ్ళుగా ఆ మూల మేం తొక్కలా పెద్దాయనా. మీకు సగం కోర్టు ఆయనొక్కడే కాశాడు.'

పేరయ్యకి అప్పుడు దిగింది. మాలకొండయ్య ఇంటికొచ్చి, ఆదివారం ఆటకి రారా, నీ మూల నీదే, ఆ రానోళ్ళని కూడా గోడకెక్కిద్దాం, ఎంతమందైతే అంతమంది నువ్వే కొట్టుకో అన్నాడు. సరే బాబాయ్ అన్నాడు వీడు. ఆదివారం పొద్దున టీ తాగి ఊరు ఊరంతా గోడ కాడికొచ్చింది. చూస్తే ఎర్ర చెయ్యి లేదు, తెల్ల చెయ్యి లేదు, వరస లేదు, గీత లేదు. కింద నుంచి పైదాకా తెల్లగా సున్నం. నిచ్చెన మీంచి మాలకొండయ్య దిగొస్తా ఉన్నాడు. ఏందిరా ఇది అంటే, 'నువ్వేగా బాబాయ్ చెప్పింది. మూడేళ్ళుగా నా మూలకి రానోళ్ళని ఎక్కించా. గోడ చాల్లా.' అని చేతులు దులుపుకోని పొయ్యి ఎడమ మూల నిలబడ్డాడు.

ఏడుకొండలు ఆ గోడ మీద తన వరస యాడుందో తడుముకుంటా ఉన్నాడు పాపం. పేరయ్య మాత్రం చెవిలో పెన్సిలు తీసి, సున్నం ఎన్ని బొక్కెన్లు పట్టిందిరా అనడిగాడంట. ఆయన మారతాడా. మరి నీ సంగతేంది అని నన్నడుగుతారా, నేనూ ఆ జట్టులో ఆడేవాణ్ణే. నాకూ పదకొండు ఎర్ర చేతులుండేవి ఆ గోడ మీద. అబద్ధమెందుకు, నాలుగు రోజులు నాకు అన్నం సయించలా.