పాటలో లేని పేరు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురమే: పాటలు పాడే మా యాదిరా పిన్ని, ఆమె గౌను ఇస్త్రీ చేస్తున్న మా అమ్మ నూబియా, నేను. వాకిట్లో, ఊరంతా భయపడే డాన్ ఎలీహియో పంపిన కారు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

“చాల్లే అక్కా, గౌను ఇలా ఇవ్వు.”

“వెళ్ళకే యాదిరా. జ్వరమని చెప్పు.”

“చెప్తే డాక్టర్నీ ఆయనే పంపుతాడు.”

“నవ్వకు! వయ్యెదుపార్ ఊరంతా నీ పాటే మోగుతోంది. ఆనవాయితీ ప్రకారం పాట మధ్యలో పదకొండు మందిని పేరుపెట్టి పలకరించావు. పశువుల డాక్టర్ని కూడా! ఆయన పేరెలా మర్చిపోయావే?”

“మర్చిపోయా. అంతే.”

“ఇరవయ్యేళ్ళలో ఎప్పుడైనా ఒక్క పేరు మర్చిపోయావా?”

“అక్కా, ఆడదాని పాటకి వాయించం అంటూ అకార్డియన్ వాళ్ళు లేచి వెళ్ళిపోతే, బల్ల మీద దరువేసుకుని కోడిపందేల తాగుబోతుల మధ్య పాడినదాన్ని. ఈయన ముందు పాడలేనా?”

“పోయినేడు పాటలో ఆయన్ని పలకరించని గాయకుడి టోపీ ఒక్కటే దొరికింది, నదిలో.”

“మెల్లగా. పిల్ల వింటోంది.”

“పిన్నీ...”

“నువ్వు లోపలికెళ్ళి రాసుకో ఎడిల్మా.”

“పిన్నీ, నువ్వు మర్చిపోలేదు. పేర్ల కాగితం రాసింది నేను కదా. ఆయన పేరు... నేనే కొట్టేశాను.”

“ఏమంటున్నావే?”

“మన పెరట్లో విందు రోజు, కాఫీ ఇస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడమ్మా. వదల్లేదు. అందరూ పాట వింటున్నారు. నేను అరవలేకపోయా.”

“నాకెందుకు చెప్పలేదే!”

“నేనూ వస్తా పిన్నీ. తప్పు నాదని చెప్తా.”

“నోర్ముయ్. నీది తప్పా? కాగితం చిరిగేదాకా కొట్టేశావు ఆ పేరు. చూడగానే తెలిసింది నాకు. మైకు ముందు అది నోటిదాకా వచ్చింది. మింగేశా.”

“అన్నీ తెలిసే వెళ్తున్నావా యాదిరా?”

“వచ్చి పాడమన్న ఆయన కబురు మీకు సగమే చెప్పానక్కా. ‘వచ్చేటప్పుడు ఆ పిల్లని వెంట తీసుకురా’ అన్నాడు.”

“అమ్మో!”

“ఏడవకు, టైము లేదు. దాని బట్టలు సంచిలో పెట్టు, పెరటి దారిన నది దాటండి. నేనెంతసేపు పాడితే మీకంత వ్యవధి.”

“పిన్నీ, వద్దు, పిన్నీ!”

“చెయ్యి తియ్యి ఎడిల్మా. వీధి తలుపేస్తున్నా.”