రెండో ఫోను

ప్రార్థనా మందిరం వెనక గది. ప్రసంగం మొదలవడానికి ఇంకా పావుగంట ఉంది. కూతురు బస్సు దిగి, ఇంటికైనా వెళ్ళకుండా, నేరుగా ప్రసంగం చెయ్యబోతున్న తండ్రి దగ్గరికే వచ్చింది.

"...మైకులో మోగింది నా గొంతే నాన్నా! కాదనకు!"

"కాదని ఎవరన్నారు? ముందు కూర్చో. కాసిని మంచినీళ్ళు తాగు."

"తాగను. నీకు ఫోన్ చేసి ఏడిస్తే, రికార్డు చేస్తావా?"

"నేను చెయ్యలేదమ్మా. తమ్ముడు ఏదో పెట్టాడు, నా ఫోన్లో అన్నీ వాటంతటవే రికార్డవుతాయి."

"అవునా! వాటంతటవే వెళ్ళి మైకులో కూర్చున్నాయా?"

"జనం ఎంత మెచ్చుకున్నారో తెలుసా? ఒకావిడ కళ్ళనీళ్ళు..."

"జనం సంగతి నాకు చెప్పకు. బస్సులో టికెట్లిచ్చే ఆయన కూడా 'రాళ్ళ లెక్క తప్పన్నది మీరేనా అమ్మా' అని అడిగాడు. నీ ప్రసంగం వీడియో చూడనివాళ్ళు లేరు!"

"నువ్వు అనని మాట నేనేమైనా కల్పించానా? 'నాన్నా, మేం తవ్విన రాతి పొరల వయసు తప్పొచ్చింది, మూడేళ్ళ పని మట్టిపాలైంది' అన్నావా లేదా?"

"అన్నాను. సోమవారం అన్నాను. మరి బుధవారం ఏమన్నాను?"

"బుధవారమా..."

"అదేం, గుర్తు లేదా? నాలుగో పొర మట్టి ఏడో పొర సంచిలో కలిసింది, విడిగా తీసి మళ్ళీ కొలిస్తే సరిపోయింది అన్నాను. 'శభాష్ తల్లీ' అన్నావు."

"అన్నాను."

"అదీ రికార్డయ్యే ఉంటుందిగా?"

"అయ్యే ఉంటుంది."

"మరి అది వినిపించలేదేం?"

"అన్నీ వినిపించడానికి అదేమన్నా రేడియోనా? అయినా గోరంతని కొండంత చేస్తావేంటే!"

"గోరంతా? రేపు పదకొండింటికి మా పెద్దాఫీసరు ముందు నిలబడాలి నేను. తప్పుడు లెక్క దాచేసి, నచ్చిన లెక్క అచ్చేయించానంటున్నారు. ఉద్యోగం పోతుంది నాన్నా. పోతే పోయింది, దొంగ అన్న పేరు మిగులుతుంది."

"మెల్లగా. బయట జనం ఉన్నారు."

"బుధవారం చేసిన ఆ రెండో ఫోను రికార్డింగు ఇవ్వు. ఇప్పుడే, ఆ మైకులోనే వినిపించు. ఇంకేమీ అడగను."

"అది... లేదమ్మా."

"లేదంటే?"

"చెరిపేశాను."

"ఎప్పుడు?"

"మొదటిది వినిపించిన రోజు పొద్దున."

"అంటే ముందే అనుకుని... అయ్యో నాన్నా! కంచే చేను మేస్తే నేనెవరికి చెప్పుకోను?"

"తల్లీ..."

"నీ నమ్మకాన్ని నేనెప్పుడైనా వెక్కిరించానా? జీవం మెల్లగా మారుతూ వచ్చిందంటే, చేసినవాడు తొందరపడలేదనుకోవచ్చుగా, అందులో ఆయనకి చిన్నతనమేముంది అన్నాను. అంతేగా?"

"నువ్వు అనగలవు. ముప్పయ్యేళ్ళుగా అక్కడ నిలబడి, దేవుడు నత్తని నత్తగానే చేశాడని చెప్పింది నేను. ఈమధ్య కుర్రాళ్ళు లేచి అడుగుతున్నారు. 'మీ అమ్మాయే కాదంటోందిగా' అని నవ్వుతున్నారు. ఏం చెప్పమంటావు?"

"అందుకని నన్ను బలిచేశావు."

"నిన్ను తిరిగి మాలో కలుపుకుందామనే..."

"అబద్ధం! సరే, ఒక్కటి చెప్పు. నా లెక్క నిజంగానే తప్పని నమ్మి చేశావా? నమ్మి చేస్తే, కోపం వచ్చినా ఎప్పటికో అప్పటికి మర్చిపోతాను. చెప్పు. నమ్మావా?"

"టైమయింది. వెళ్ళాలి."

"చెప్పేదాకా గుమ్మం వదలను."

"పోయినేడు నువ్వు తవ్వి తెచ్చిన నత్తగుల్లల్ని ఈ బల్లమీదే పేర్చి చూశానే. కింది పొరవి, దానిపై పొరవి, ఆపైవి... కొంచెం కొంచెంగా మారుతూ వచ్చాయని కళ్ళున్నవాడెవడూ కాదనలేడు. నువ్వు చెప్పిందే నిజమని ఆ రోజే తెలిసింది నాకు. ఇక జరుగు తల్లీ, జనం లేచి నిలబడ్డారు."