ఈస్టర్ భోజనం దగ్గర చెప్పిన మాట

న్యూయార్క్ నగర సభలో బొచ్చు కోట్ల అమ్మకాన్ని నిషేధించాలా వద్దా అన్న వాదనలు ఆ పూటకు ముగిశాయి. బయట మెట్ల మీద, జీవితమంతా ఆ కోట్లే కుట్టిన గ్రీకు ముసలాయనను నిషేధం కోరుతూ మాట్లాడిన యువ సభ్యురాలు ఆపింది. ఆమె బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలిచింది ఆయనే; గ్రీకు వాడుకలో 'నూనో' అని పిలుస్తుంది.

"ఆగు నూనో! నిషేధం వద్దని చెప్పడానికొచ్చి, పేరు పిలిస్తే లేవలేదేం?"

"లేచి ఏం చెప్పమంటావే? నా మాట నువ్వే చెప్పేశావుగా."

"నీ పేరెత్తలేదు. 'నాకు తెలిసిన ఒక పెద్దాయన' అన్నాను, అంతే."

"ఉచ్చులో కాలు నలిగిన జంతువు తోలు చేతికొస్తే ఆ పెద్దాయనకి ఆ పూట ముద్ద దిగదనీ అన్నావు. సభకొచ్చిన మా దుకాణం పనివాళ్లు రోజూ నా పక్కన కూర్చుని తినేవాళ్లే. ఒక్కసారిగా నా వైపు తిరిగారు."

"అబద్ధం చెప్పానా?"

"నిజమే. నిజం కాబట్టే ఈస్టర్ రోజున నీ ఒక్కదానికే చెప్పుకున్నాను. మనసు చివుక్కుమంటే దుకాణాలే మూసేయాలా?"

"నాకు నీ మీద గౌరవం తగ్గలేదు నూనో."

"వాళ్లకి తగ్గింది."

"ఆదివారం అమ్మ గొర్రెపిల్లని కాలుస్తోంది. వస్తావుగా?"

"మీ అమ్మ పిలిస్తే రాకుండా ఉంటానా? కాకపోతే ఈసారి నోరు తినడానికే తెరుస్తాను."