చామంతి దండ

కోటగుమ్మం దగ్గర గోడమీద, పూలమ్మే మామ్మ బొమ్మ గీసి ఉంది. పృథ్వీ దాని పైన మేకు కొట్టి, చామంతి దండ వేసి ఫోటోలు తీస్తుంటే, ఎదురుగా పూలబుట్ట ముందు కూర్చున్న ఆ మామ్మే లేచి వచ్చింది.

“ఏంటి బాబూ ఈ పని? బతికున్న మనిషి బొమ్మకి దండేస్తారా?”

“ఫోటో నిండుగా ఉంటుందని వేశానండి.”

“ఇప్పుడే ఒకావిడ దణ్ణం పెట్టి, ‘పాపం, ఎప్పుడు పోయిందో’ అనుకుంటూ వెళ్ళింది.”

“తప్పైపోయింది మామ్మగారూ. ఫోటోలు కూడా డిలీట్ చేసేస్తాను.”

కంగారులో లాగితే దండ మేకుకి చిక్కుకుంది.

“గట్టిగా లాగు. నేను కట్టిన దండ అంత తేలిగ్గా తెగదు.” ఆవిడ దండ కొస పట్టుకుని చూసింది. “పొద్దున్న నువ్వు గుడికని కొంటే, నాకేనని తెలీక మూరెడు కొసరు కూడా వేశాను.”